కాకా డ్యూటీ మేం చేసిన రోజులు



పోస్టు కొంచెం పెద్దది, తీరిక చేసుకొని చదవండి. మేము ముగ్గురం వైరా దగ్గర ఒకే తండా వాళ్లం. కలిసి కూర్చొని రాశాం. ఇందులో మా తప్పు ఒకటి ఉంది కాబట్టి పేర్లు పెట్టట్లేదు. మా తండా వాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది, తెలియనీయండి.

2025 ఏప్రిల్‌లో కాకా మమ్మల్ని ఇంటికి రమ్మన్నాడు. కాకా ఆర్టీసీ కండక్టర్. మాలో ఒకడికే సొంత బాబాయి గానీ, తండా మొత్తం ఆయన్ని కాకా అనే పిలుస్తుంది. మంచం మీద పాత జీతం స్లిప్పులు, కిరాణా చిట్టీలు, ఒక నోటుబుక్కు పరుచుకొని కూర్చున్నాడు. జేఏసీ జనవరిలోనే 21 డిమాండ్లతో సమ్మె నోటీసు ఇచ్చింది. మే 7 నుంచి సమ్మె అని తేదీ కూడా పడింది.

"డిపోల మీటింగ్ ఉంది బేటా. నేను గూడా మాట్లాడాలె. నాకు కోపం వస్తది గానీ లెక్క రాదు. మీరు డిగ్రీ చదివిన్రు గదా, జర కూడి పెట్టుర్రి" అన్నాడు.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే 2019లో కాకా సమ్మెలో ఉంటే, ఆయన చేయాల్సిన డ్యూటీకి బస్సెక్కినోళ్లం మేమే.

అప్పటి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేశమంతా ఆర్థిక మాంద్యం అంటున్న రోజులవి. ఫిబ్రవరిలో ఒక లక్షా 82 వేల కోట్లతో పెట్టిన రాష్ట్ర బడ్జెట్‌ను, అదే కారణం చెప్పి సెప్టెంబరులో ఒక లక్షా 46 వేల కోట్లకు కుదించారు. సరిగ్గా ఆ సమయంలోనే ఆర్టీసీ సంఘాలు 26 డిమాండ్లతో ముందుకొచ్చాయి. ముగ్గురు ఐఏఎస్ అధికారుల కమిటీతో చర్చలు జరిగాయి, కుదరలేదు. అక్టోబర్ 5న సమ్మె మొదలైంది. దాదాపు 48 వేల మంది డ్యూటీ దిగిపోయారు.

బస్సులు నడపడానికి తాత్కాలికంగా మనుషుల్ని పిలిచారు. డ్రైవర్‌కు రోజుకు 1500, కండక్టర్‌కు 1000. పదో తరగతి మెమో ఉంటే చాలు. మేము అప్పటికి డిగ్రీ అయిపోయి, పని దొరక్క తిరుగుతున్నాం. రోజుకు వెయ్యి రూపాయలంటే మాకు ఎంత పెద్ద మాటో మీకు వేరే చెప్పక్కర్లేదు. తెల్లారకముందే డిపో గేటు దగ్గర లైన్లో నిలబడ్డాం. 19 రోజులు చేశాం.

అవతల సమ్మెలో ఉన్నోళ్లకు, పని చేసిన సెప్టెంబరు నెల జీతం కూడా రాలేదు. జీతాలకు 230 కోట్లకు పైగా కావాలి, ఖాతాలో ఏడున్నర కోట్లే ఉన్నాయని హైకోర్టులో చెప్పారు. అక్టోబర్ 12న ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకున్నాడు, మర్నాడు చనిపోయాడు. ఆ వార్త విన్న తెల్లారి కూడా మేం డ్యూటీకి పోయాం. రాసేటప్పుడు చెయ్యి ఆగింది గానీ నిజం ఇదే.

ఒకరోజు ఏన్కూరు దగ్గర పత్తి ఏరే ఆడవాళ్లు బస్సు ఆపారు. వాళ్లల్లో చిన్నమ్మ ఉంది, కాకా భార్య. జీతం రాక కూలికి పోతోంది. బస్సులో ఉన్న మావాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె ఇరవై రూపాయల నోటు చేతిలో పెట్టి "టికెట్ ఇయ్యి బేటా" అంది. మా దగ్గర టికెట్ మిషన్ ఎక్కడిది? పైసలు తీసుకొని లెక్క చెప్పడమే. "టికెట్ లేదు చిన్నమ్మా" అన్నాడు. "మీ కాకా అయితే టికెట్ కొట్టకుండా పైస ముట్టడు" అని, పోయి వెనక సీట్లో కూర్చుంది. మావాడు రెండో రోజు నుంచి డ్యూటీకి పోలేదు. మిగిలిన ఇద్దరం పోయాం.

52 రోజుల తర్వాత, నవంబర్ 25న సమ్మె విరమించారు. మర్నాడు డ్యూటీకి పోతే చేర్చుకోలేదు. 29న గానీ లోపలికి రానివ్వలేదు. మా పని అదే రోజు అయిపోయింది. మమ్మల్ని మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఆ మంచం మీద కూర్చొని లెక్క వేస్తుంటే మాకు కొన్ని సంగతులు మొదటిసారి అర్థమయ్యాయి.

జీతాల సవరణ నాలుగేళ్లకోసారి జరగాలి. 2013ది ఎనిమిది రోజులు సమ్మె చేస్తే 2015లో 44 శాతం ఫిట్‌మెంట్‌తో వచ్చింది. 2017ది 2024లో వచ్చింది, 21 శాతం. మేము "21 అంటే బాగానే ఉంది గదా కాకా" అన్నాం. ఆయన 2018 స్లిప్పు తీసి చూపించాడు. అప్పుడే 16 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు. అది తీసేస్తే కొత్తగా కలిసింది 5. ఏడేళ్లు ఆగితే ఐదు. 2021ది అప్పటికీ, అంటే 2025లోనూ, బాకీనే. ప్రభుత్వంలో కలిపే బిల్లు 2023 ఆగస్టులో అసెంబ్లీలో పాసైంది, అమలు మాత్రం అప్పటికి డిమాండ్ల కాగితంలోనే ఉండింది.

ఇంకో సంగతి నష్టం. సంస్థ నష్టాల్లో ఉందని 2019లోనూ విన్నాం. కానీ మన ఊళ్లకు వచ్చే బస్సు ఏనాడు లాభానికి వచ్చింది? జూలూరుపాడు అవతల పదిమంది ఎక్కే ట్రిప్పు, మన స్టూడెంట్ పాసులు, ఇవన్నీ పుస్తకంలో నష్టం కిందికే పోతాయి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చింది. మంచిదే, మా యాడి ఇప్పుడు ధైర్యంగా ఖమ్మం ఆసుపత్రికి పోతోంది. కానీ కిక్కిరిసిన బస్సులో ఆ టికెట్లన్నీ కొట్టేది ఒక్క కండక్టరే. ఆ టికెట్ డబ్బు ప్రభుత్వం సంస్థకు కట్టాలి. అది ఆగితే మళ్లీ నష్టం అంటారు, ఆ నష్టం చూపించి జీతం ఆపుతారు. అంటే మన ప్రయాణం బరువు కాకా జీతం మీద పడుతోంది. మేము ఇదంతా నోటుబుక్కులో రాసిచ్చాం.

అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది వేరే ఉంది. 2019 డిమాండ్ల కాగితం చూపిస్తే చదివాం. ఖాళీలు భర్తీ చేయాలి అని అందులో ఉంది. భర్తీ చేస్తే మన ఎస్టీ పిల్లలకు రోస్టర్‌లో వచ్చే ఉద్యోగాలవి. మా కోసం కూడా అడుగుతున్నవాళ్ల సమ్మెను మేమే 19 రోజుల కూలికి బలహీనం చేశాం. ఆ కాగితం మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉంది. అడిగి చదివినోడు లేడు.

అప్పుడు అడిగాం, "కాకా, మామీద కోపం లేదా?" అని.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "మీరు ఎక్కకపోతే ఇంకొకడు ఎక్కుతుండె. ఆకలి నాకు తెల్వదా? గానీ ఎక్కేముందు ఒక్కసారి ఇంటికొచ్చి 'కాకా, పోవాల్నా వద్దా' అని అడిగితే బాగుండు. మేం గూడా తప్పు చేసినం బేటా. డిపోల మీటింగులు పెట్టుకున్నం గానీ తండాల పెట్టలే."

మే 7 సమ్మె జరగలేదు. రాష్ట్రం దగ్గర డబ్బు లేదు, అప్పు కూడా పుట్టట్లేదని ముఖ్యమంత్రి చెప్పారు. మే 6న మంత్రితో చర్చల తర్వాత జేఏసీ సమ్మె వాయిదా వేసింది. మళ్లీ ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ. కాకా నోటుబుక్కు ట్రంకు పెట్టెలో పెట్టి "దీని పని ఇంకా ఉంది" అన్నాడు.

డబ్బు లేదన్న మాట మాంద్యంలోనూ విన్నాం, ఇప్పుడూ వింటున్నాం. ఆ మాటకు జవాబు లెక్కతో చెప్పాలి, ఆ లెక్క మనకు వచ్చు. మన ఊరికి ఎన్ని ట్రిప్పులు ఉండేవి, ఇప్పుడు ఎన్ని, ఎంతమంది ఎక్కుతున్నారు, రాసి మీకు తెలిసిన డ్రైవర్‌కో కండక్టర్‌కో ఇవ్వండి. యూనియన్ అన్నలు ఈ గ్రూపులో ఉంటే, తండాకు, గూడేనికి వచ్చి ఒక మీటింగు పెట్టండి.

రేపు మళ్లీ ఏ డిపో గేటు దగ్గరైనా పదో తరగతి మెమో పట్టుకొని రమ్మంటే, ఏం చేయాలో మేము చెప్పం, చెప్పే అర్హత లేదు. లైన్లో నిలబడే ముందు మీ ఊళ్లో సమ్మెలో ఉన్న మనిషి ఇంటికి ఒకసారి పోయి రండి. మేము పోలేదు. అంతే.