శుక్రవారం లెక్కల క్లాసు

ప్రియమైన పాఠక మిత్రులకు,

మొన్న పండక్కి మా మేనకోడలు వచ్చింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వేరే కంపెనీవాళ్లు జీతం పెంచి పిలిచినా వెళ్లలేదట. ఎందుకమ్మా అంటే, "మార్చిలో పిల్లలకు పబ్లిక్ పరీక్షలున్నాయి మామయ్యా" అంది. కంపెనీ తరఫున ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక ప్రభుత్వ పాఠశాలలో పదో తరగతికి లెక్కలు చెబుతోందట. ఆ పూట ఆమెకు మీటింగులు పెట్టొద్దని మేనేజరు టీముకంతా చెప్పేశాడట.

ఆ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. 2013 నాటి కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దాన్నే మనం సీఎస్ఆర్ అంటున్నాం. కానీ ఆ చెక్కు ఎవరికి వెళ్లిందో చాలామంది ఉద్యోగులకు తెలియనే తెలియదు. తెలియని మంచిపని మనసుకు ఎలా పడుతుంది? తన చేత్తో చేసిన పని, తన పేరు పెట్టి పిలిచే పిల్లలు ఉన్నప్పుడే "మా కంపెనీ" అనే మాట నోట వస్తుంది.

ఒక మిత్రుడి అనుభవం దీనికి పూర్తిగా విరుద్ధం. ఆదివారం పూట అందరినీ రప్పించి మొక్కలు నాటించారు, ఫొటోలు తీశారు. సోమవారం మళ్లీ రాత్రి పదింటిదాకా పని. తల్లికి ఆపరేషన్ అంటే సెలవు దొరకలేదు. ఏడాది తిరగకుండానే అతను రాజీనామా చేశాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

తన ఉద్యోగుల మేలుకు మాత్రమే చేసే ఖర్చును చట్టం సీఎస్ఆర్ కింద లెక్కించదు. అది వేరే బాకీ, విడిగా తీర్చాల్సిందే. టాటా స్టీల్ ఆ బాకీ ముందే తీర్చడం మొదలుపెట్టింది. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం, 1920లో జీతంతో కూడిన సెలవు, ప్రావిడెంట్ ఫండ్ ఇచ్చింది. దేశంలో ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం వచ్చింది 1952లో.

మీలో కంపెనీలు నడిపేవాళ్లున్నారు, హెచ్ఆర్‌లో పనిచేసేవాళ్లున్నారు. మీకు నా విన్నపం ఒక్కటే. ముందు మీ మనుషుల్ని బాగా చూసుకోండి. ఆపైన సేవ చేయడానికి వాళ్లకు పనివేళల్లోనే సమయం ఇవ్వండి, ఏ పని చేయాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలూ, ఇంటర్వ్యూలో జీతంతోపాటు ఈ సంగతి కూడా అడగండి.

మీ ఆఫీసు అనుభవాలు రాస్తారు కదూ?

మీ
శ్రేయోభిలాషి