రెండవ బ్యాటరీ

మా తల్లిగారికి కాశీ చూడవలెనని చిరకాలముగా కోరిక. వారికి ఇన్సులిన్ లేనిదే దినము గడవదు. విప్పని సీసాలు 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుండవలెను. మాకు వేసవి సెలవులలో గాని తీరికలేదు. మన వేసవి యెట్టిదో చదువరులకు చెప్పనక్కఱలేదు. రైలుండగా నీ యవస్థ యేల యందురేమో. మోకాళ్ల నొప్పులచే వారు స్టేషను మెట్లెక్కజాలరు. అందుచే మేమొక పాత వ్యాను కొని, అందులో పడుకొనుటకు బల్ల, పొయ్యి, పంకా, 12 వోల్టులతో పనిచేయు చిన్న ఫ్రిజ్జు అమర్చితిమి.

ఇంజనును కదలించు బ్యాటరీ ఒక్క క్షణము మిక్కిలి బలము చూపి ఊరకుండునట్టిది. రాత్రియంతయు ఫ్రిజ్జును పోషించుటకది తగదు. నిదానముగా నిచ్చుటకు మందపు పలకలు గల రెండవ బ్యాటరీ వేఱుగ నుండవలెను. ఇంతవఱకు మాకు తెలిసినదే. దానిని బండి నడచునపుడు నింపుట యెట్లో తెలియదు; తెలియదని ఒకరితో ననుటకు ఇరువదియేండ్ల పంతులుతనము అడ్డుపడినది. ఇంటి గోడలలో వేయు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో రెండింటి ధనధ్రువములను కలిపి, అద్వైతము సిద్ధించినదని మురిసితిమి.

పరీక్షార్థము భద్రాచలము పోయి, గోదావరి యొడ్డున రెండు రాత్రులు నిలిచితిమి. మూడవనాటి యుదయమున తాళము త్రిప్పగా 'టక్కు'మని యొక్క శబ్దము, పిదప మౌనము. కలిసియున్నవి గనుక రెండును కలిసియే చచ్చినవి. ఫ్రిజ్జు వెచ్చబడినది. మేము కాఫీ దుకాణమునుండి మంచుగడ్డ తెచ్చి సీసాను దానిపై పెట్టబోగా మా కొమార్తె చేయి పట్టుకొని, "నాన్నగారూ, మందు గడ్డకడితే పనికిరాదు, గుడ్డ చుట్టాలి" అనెను. నలుగురు పుణ్యాత్ములు బండిని త్రోసిరి. లోపల మా తల్లిగారు కన్నులు మూసికొని కూర్చుండిరి. వారు మమ్ము నొక్క మాటయు ననలేదు, అనినచో బాగుండెడిది.

మా యూర మోటారుపని చేయు నతడొకడు మా పూర్వశిష్యుడు. శబ్దమంజరి రానందున వానిని బల్లపై నిలువబెట్టిన దినములు మాకు జ్ఞాపకమున్నవి. వానికిని ఉండియే యుండును. వాడు బండి చూచి నవ్వలేదు. "రిలే పెట్టలేదేమండీ మాస్టారూ? నేను చెబుతాను, మీరే బిగించండి. దారిలో పాడైతే నేనుండను గదా" అనెను. మా జీవితమున ఇంత మంచి పాఠము మేమొకరికి చెప్పితిమా యని సందేహము.

వాడు తెలిపిన యంత్రము, వోల్టులను కనిపెట్టు రిలే. ఇంజను నడచి మొదటి బ్యాటరీ 13.3 వోల్టుల ప్రాంతమునకు చేరినపుడది రెండింటిని కలుపును, 12.8కి దిగగానే విడదీయును. పగలు కాపురము, రాత్రి వేఱింటి బ్రదుకు. కంప్యూటరు అదుపున నడచు ఆల్టర్నేటరులుగల క్రొత్త బండ్లకును, లిథియము బ్యాటరీలకును ఇది చాలదు, వేఱొక చార్జరు కావలెనట. మాది పాతబండి గనుక ఆ గొడవ తప్పినది.

తీగ మాట. ఓము సూత్రము బాల్యమున వల్లించినదే, వల్లించుటకు పనికివచ్చినది. మా పాత తీగ నాలుగు మీటర్ల పొడవునను 30 ఆంపియర్లు పోయినచో 0.8 వోల్టులు దారిలోనే హరించును, తానును వేడెక్కును. 16 చదరపు మిల్లీమీటర్ల రాగితీగయైనచో పోవునది 0.13 మాత్రమే. ఈ లెక్క మా కొమార్తె కాగితముమీద వేసి చూపినది. అంతకు ముందే మేము దానిని "ఇది నీ పని గాదు, లోనికి బోయి నాయనమ్మకు సాయము చేయు"మని పంపివేసి యుంటిమి. స్త్రీవిద్యను గూర్చి సభలలో నుపన్యసించిన నోటితోనే!

అది లోనికి పోలేదు. మేము మొదటి బ్యాటరీకి జానెడు దూరమున ఫ్యూజు బిగించి, పని ముగిసినదని చేతులు తుడుచుకొనుచుండగా, "తీగకు రెండో చివరా బ్యాటరీయే గదా, తీగ ఎక్కడైనా రాచుకొని తెగి ఇనుముకు తగిలితే అటునుంచి వచ్చే కరెంటును ఏది ఆపుతుంది?" అని యడిగెను. ఏదియు నాపదు. ఆ తీగ పోవునది మా తల్లిగారు పరుండు బల్లక్రిందనే. మా అరచేతులు చెమర్చినవి. శిష్యునివైపు చూచితిమి. "నేనూ అదే చెప్పబోతున్నానండీ, అమ్మాయి ముందే పట్టింది" అనెను.

రెండవ ఫ్యూజు రెండవ బ్యాటరీచెంత అదియే బిగించినది. విప్పునపుడు ఋణధ్రువము ముందు, తగిలించునపుడు కడపట, అను నియమమును మాచే పలుమాఱు పలికించినది. నింపునపుడు పుట్టు వాయువు బయటికిబోవ గొట్టమొకటి పెట్టితిమి. ఇంజను నడిపించి మీటరు పెట్టగా రెండవదానియందు 14.1.

మూడు రాత్రులు వ్యానును ఇంటి యెదుటనే నిలిపి ఫ్రిజ్జు నడిపించితిమి. పగలు కొంతసేపు బండి త్రిప్పి తెచ్చుచుంటిమి. ఉదయమున రెండవదానియందు 12.4కి తగ్గలేదు; 12.2కి దిగినచో సగము ఖర్చయినట్లు, అంతకు దిగనీయరాదు. ఇంజను ప్రతిదినము మొదటి త్రిప్పునకే లేచినది. పరీక్షా పత్రములు దిద్దుట ముగియగానే ప్రయాణము. మా తల్లిగారు ఆవకాయజాడీని ఫ్రిజ్జులో పెట్టవలెనని పట్టుబట్టుచున్నారు. మా కొమార్తె ఒప్పుకొనుటలేదు.