చిట్టెం దిబ్బ

ఐదో సెమిస్టర్‌లో ఐరన్ మేకింగ్ సబ్జెక్టుకి సెమినార్ ఇవ్వమన్నారు. బ్లాస్ట్ ఫర్నేసులూ, స్పంజ్ ఐరనూ అందరూ ముందే పంచేసుకున్నారు. నాకు మిగిలింది పాతకాలపు ఇనుము తయారీ. వెతగ్గా వెతగ్గా దొరికిన ఊరు అరికోనియం.

ఇంగ్లండ్ పడమటి వైపు హెర్ఫర్డ్‌షైర్‌లో, ఇప్పటి వెస్టన్ అండర్ పెన్యార్డ్ గ్రామం పక్కన ఉండేదది. రోమన్లనగానే మనకి సైనికులూ, రథాలూ గుర్తొస్తాయి. ఇది మాత్రం మామూలు జనం బతికిన చిన్న ఊరు. దగ్గర్లోని ఫారెస్ట్ ఆఫ్ డీన్ ఖనిజంతో ఇనుము తీయడమే వాళ్ళ బతుకుతెరువు. రోమన్ దారుల జాబితా ఆంటోనైన్ ఇటినరరీలో ఈ ఊరి పేరుంది, దూరం ఉంది. మనుషుల ఊసు లేదు.

మన టెక్స్ట్‌బుక్ ప్రకారం ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరగాలి. వాళ్ళ మట్టి కొలిమికి అంత వేడి రాదు. సుమారు 1200 డిగ్రీల దగ్గర ఖనిజంలోని ఇసుక, కొంత ఐరన్ ఆక్సైడ్‌తో కలిసి చిట్టెంగా కరిగి కారిపోతుంది. ఇనుము కరగకుండానే స్పంజిలాంటి ముద్దగా మిగులుతుంది. అది వేడి మీద ఉండగానే సుత్తులతో బాది, లోపలి చిట్టెం పిండేయాలి. ఈ పద్ధతిలో బోలెడంత ఇనుము చిట్టెంలోనే పోతుంది. ఎంతంటే, 17వ శతాబ్దంలో ఆ ప్రాంతానికి బ్లాస్ట్ ఫర్నేసులొచ్చాక, రోమన్ల నాటి చిట్టెం గుట్టలు తవ్వి మళ్ళీ కరిగించుకున్నారు!

అక్కడ ఆగిపోయాను. చిట్టెం అనే మాట నాకు టెక్స్ట్‌బుక్ నేర్పలేదు. మా ఊరి చెరువు వెనక చిట్టెం దిబ్బ ఉంది. నల్లగా, బరువుగా, విరిగినచోట గాజులా మెరిసే ఆ రాళ్ళతోనే చిన్నప్పుడు ఆడుకున్నాం. మా తాత కమ్మరి. కాలేజీలో ఎవరైనా అడిగితే మాత్రం రెండేళ్ళుగా "వ్యవసాయం" అని చెప్తున్నా.

ఆ రాత్రి తాతకి ఫోన్ చేసి అరికోనియం కథంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు.

"మరి తిత్తి ఎవరు గుంజిన్రు బిడ్డా?"

నేను నోరు తెరవలేదు. తాతే అందుకున్నాడు.

"గంటల కొద్దీ గాలి ఆగొద్దు. ఆగితే పనంతా ఖరాబ్. నేను సుత్తె కొట్టిన్నని ఊరంతా ఎరుక. నలభై ఏండ్లు తిత్తి గుంజింది మీ బాపమ్మ."

నా స్లైడ్లు మళ్ళీ తిరగేశాను. గాలి గొట్టం బొమ్మ ఉంది. గాలిలోని ఆక్సిజన్ బొగ్గుతో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అయ్యే సమీకరణం ఉంది. ఆ గాలి కొట్టిన చెయ్యి మాత్రం ఒక్క స్లైడులోనూ లేదు.

సెమినార్ రోజు సార్ అడిగారు, "థర్మామీటర్ లేకుండా వేడి ఎలా తెలుస్తుంది?" అని. నా నోటెంట తాత మాటే వచ్చింది. "రంగు చూసి సార్. గుమ్మడిపువ్వు రంగు దాటి తెల్లబడుతుంటే అతుకు పడుతుంది. మా తాత కమ్మరి. మా బాపమ్మ తిత్తి గుంజేది." క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని రెండేళ్ళు భయపడ్డది నేనొక్కడినే కాబోలు.

దసరా సెలవులకి వెళ్ళినప్పుడు దిబ్బ మీంచి ఒక చిట్టెం రాయి తెచ్చుకున్నా. ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. బయల్దేరే ముందు బాపమ్మకి చెప్పాను, నీ గురించి క్లాసులో చెప్పానని. ఆమె రాయి వైపు చూసి, కుడి భుజం పట్టుకొని నవ్వింది.

"గిది ఇప్పటికీ గుంజుతది బిడ్డా. గదిగూడ రాస్కో."