పాతింటి తాళం పది రోజులే

మన సాఫ్టువేరు వాళ్ళకి చుట్టాల్లో ఒక శాశ్వత ఉద్యోగం ఉంటుంది. ఆఫీసులో మీరు జావా రాస్తారా, టెస్టింగు చేస్తారా, మేనేజరైపోయి మీటింగుల్లో కూర్చుంటారా అన్నది ఎవరికీ అనవసరం. "నువ్వు కంప్యూటర్లే కదా, మా లాప్‌టాపు నిండిపోయిందంటోంది, కాస్త చూడు" అంటారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయాక ఈ ఉద్యోగంలో పని మరీ ఎక్కువైంది. జనం హడావుడిగా 11కి మారారు. మారాక చూసుకుంటే సీ డ్రైవు కింద గీత ఎర్రగా!

ఇంతకీ ఆ స్థలమంతా ఎటు పోయినట్టు? పెద్ద అప్‌గ్రేడు చేసినప్పుడు విండోసు పాత సిస్టమును చెరిపెయ్యదు. మొత్తం మూటగట్టి విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులో పెడుతుంది. కొత్తది నచ్చకపోయినా, ప్రింటరు మొరాయించినా వెనక్కి వెళ్ళడానికి దారి ఉండాలి కదా. కొత్తింట్లోకి మారాక కూడా పాతింటి తాళం కొన్నాళ్ళు మన దగ్గరే ఉంచుకుంటాం చూడండి, అలాగన్నమాట. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఈ గడువు 30 రోజులు. 2016 నాటి యానివర్సరీ అప్‌డేటుతో దాన్ని 10 రోజులకు కుదించారు. కావాలంటే గడువులోగా డిస్మ్ కమాండుతో 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. గడువు దాటితే దానంతట అదే చెరిపేస్తుంది. అంటే మనం ఏమీ చెయ్యకుండా కూర్చున్నా ఆ స్థలం తిరిగొస్తుంది. కానీ ఫోల్డరు పదీ ఇరవై జీబీలు ఉంటుంది కాబట్టి అందరి కన్నూ ముందు దాని మీదే పడుతుంది.

మా మామయ్యది కాకినాడ. తన 128 జీబీ లాప్‌టాపులో ఊళ్ళోనే ఒక షాపులో 11 వేయించుకున్నాడు. వారం తర్వాత ఫోను. "ఒరేయ్, స్థలం లేదంటోందిరా. ఓల్డ్ అని ఏదో ఫోల్డరు ఉంటుంది, పీకి పారేస్తే సరి అన్నాడు షాపు కుర్రాడు. పీకెయ్యనా?"

"ఆగు మామయ్యా. నీ పాత ఫైళ్ళన్నీ కనిపిస్తున్నాయా?" అన్నాను.

కాసేపు మాట లేదు. డెస్కుటాపు ఖాళీగానే ఉందట, కొత్తది కదా అలాగే ఉంటుందేమో అనుకున్నాడట. స్క్రీను షేరు చేయించి చూస్తే డాక్యుమెంట్సు ఖాళీ, పిక్చర్సు ఖాళీ. అప్‌గ్రేడు చేసేటప్పుడు ఏమేం ఉంచాలని అడిగే చోట షాపులో "ఏమీ వద్దు" అన్నది నొక్కినట్టున్నారు. విండోస్.ఓల్డ్ తెరిచి, యూజర్సులోకి వెళ్తే మామయ్య పేరుతో ఫోల్డరు ఉంది. అందులో అన్నీ భద్రంగా ఉన్నాయి. పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు, పెన్షను కాగితాలు, మా తాతయ్య చివరి సంవత్సరంలో చెప్పిన కబుర్లు రికార్డు చేసిన ఆడియో ఫైళ్ళు పదకొండు. ఇంకెక్కడా కాపీ లేదు. అప్పటికి ఎనిమిదో రోజు. ఆ సాయంత్రమే రెండు పెన్‌డ్రైవులు కొనిపించి, రెండిట్లోకీ కాపీ తీయించి, ఆడియో ఒకటి వినిపించమని నిర్ధారించుకున్నాకే ఆ ఫోల్డరు చెరిపాం.

షాపు కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. మనం మాత్రం ఏం చేస్తున్నాం? ప్రొడక్షను సర్వరులో పాత లాగులు చెరపాలంటే టికెట్టు పెడతాం, అప్రూవలు తీసుకుంటాం, బ్యాకప్పు ఉందా అని నలుగుర్ని అడుగుతాం. అదే చుట్టాల లాప్‌టాపు దగ్గరికొచ్చేసరికి ట్రాఫిక్కులో ఫోను ఎత్తి "డిలీట్ కొట్టెయ్ బాబాయ్" అంటాం. కంపెనీ డేటాకున్న మర్యాద పాసుపుస్తకానికి లేదా?

సైజు చూసి చెరిపే అలవాటుకి తర్వాత బలయ్యేది విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డరు. దాని సైజు చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ ఎక్స్‌ప్లోరరు చూపించే లెక్క పూర్తిగా నమ్మకండి. అందులో చాలావరకు హార్డు లింకులు, అంటే ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు పేర్లు. ఇంట్లో బుజ్జి, బళ్ళో వెంకటేశ్వర్రావు అయిన పిల్లాణ్ణి జనాభా లెక్కల్లో ఇద్దరుగా రాసుకున్నట్టు. దాన్ని చేత్తో చెరిపితే సిస్టమే లేవకపోవచ్చు. డిస్మ్‌లోని కాంపొనెంట్ క్లీనప్పుతోనే శుభ్రం చెయ్యాలి. దానికి రీసెట్‌బేస్ తగిలిస్తే ఇంకొంచెం మిగులుతుంది, కానీ అప్పటిదాకా వేసిన అప్‌డేట్లను ఇక వెనక్కి తీయలేం.

అసలు తయారుచేసిన వాళ్ళే తడబడిన సందర్భం ఉంది. 2018 అక్టోబరులో వచ్చిన 1809 వెర్షనులో డిస్కు క్లీనప్పు జాబితాలోకి డౌన్‌లోడ్సు ఫోల్డరును కూడా చేర్చారు. అలవాటుగా అన్నిటికీ టిక్కు పెట్టి ఓకే కొట్టేవాళ్ళ గతి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. 2020లో వచ్చిన 2004 వెర్షనులో దాన్ని తీసేశారు.

లైనక్సు మిత్రులు నవ్వుకోనక్కర్లేదు. ఉబుంటులో బూట్ పార్టిషను విడిగా, చిన్నగా పెట్టుకుంటే పాత కెర్నెళ్ళు పేరుకుని అది నిండిపోతుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి. అప్పుడు కోపంగా ఆర్‌ఎం కొట్టి, నడుస్తున్న కెర్నెలునే లేపేసేవాళ్ళు ఉంటారు. ఆప్ట్ ఆటోరిమూవ్ అయితే వాడుకలో ఉన్నదాన్ని ఉంచి అక్కర్లేనివి తీస్తుంది.

ఏతావాతా నేను చెప్పొచ్చేదేమిటంటే, చెరిపేముందు సైజు కాకుండా అది అక్కడ ఎందుకుందో చూడాలి. ఇకమీదట ఎవరైనా ఎర్ర గీత అంటూ ఫోను చేస్తే, అప్‌గ్రేడు ఏ రోజు చేయించారో ముందు అడగండి. పది రోజులు దాటకపోతే పాతింటి తాళం ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది. లోపలికెళ్ళి ఒకసారి అన్ని గదులూ చూసి రమ్మనండి.