చల్లదనములో ఇల్లాలి భాగము

కాళిదాసు ఋతుసంహారమును వసంతముతోగాక గ్రీష్మముతో ఆరంభించెను. వేసవి నోర్చుకొనుటకు ఆయన చెప్పిన సాధనములు వెన్నెలరాత్రులు, నీటియంత్రములుగల మందిరములు, మంచిగంధము మొదలగునవి. ఆ యంత్రములకు నీరు మోసినవారెవరో, గంధము తీసిన చేతులెవరివో కావ్యము చెప్పదు. భోగమును వర్ణించు కావ్యమునకు అది లోపము కాకపోవచ్చును. కాని యిల్లు కావ్యము గాదు. ఇంటిలో చల్లదనము కలిగినపుడు అది ఎవరికి కలిగినదని అడుగవలసియున్నది.

రోహిణికార్తెలో రోళ్లు పగులునని మనవారి సామెత. 2015వ సంవత్సరపు వేసవిలో తెలుగు రాష్ట్రములు రెంటను కలిపి రెండువేలమందికి పైగా వడదెబ్బకు ప్రాణములు విడిచిరి. కావున వేసవిలో ఇంటిని చల్లగా నుంచుకొనుట విలాసమని యెవరును అనజాలరు. అది ప్రాణరక్షణము. 2016లో జిల్లాకేంద్రములైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యను మూడూళ్లలోను నేను ఉపాధ్యాయుడనుగా పనిచేసితిని. ఈ మూడుచోట్లను ఇండ్ల కప్పులు వేరు, ఆదాయములు వేరు; ఆచారము మాత్రము ఒక్కటే. చల్లనిగాలి ముందుగా ముందుగదికి వచ్చును. వంటయింటికి చిట్టచివర వచ్చును, లేదా రానేరాదు.

జనగామ ప్రాంతపు పల్లెలలో నడుమ ఆకాశమునకు తెరచియుండు భవంతియిండ్లు ఇంకను అక్కడక్కడ నిలిచియున్నవి. దళసరి మట్టిగోడలకు వేడి లోనికి చేరునప్పటికే పొద్దు గ్రుంకును. గూనపెంకుల సందులనుండి వేడిగాలి పైకి పోవును. ఇప్పటి సిమెంటు స్లాబు స్వభావము వేరు. అది పగలంతయు ఎండను త్రాగి, రాత్రి మనము పండుకొనిన తరువాత ఆ వేడిని మనపై క్రుమ్మరించును. రేకులకప్పు అంతసేపును ఆగదు. ఎండ తగిలినంతనే కాగును. అట్టి కప్పుక్రింద ఎంత వెలగల యంత్రము పెట్టినను, అది పొయ్యిమీది కుండకు విసనకఱ్ఱతో వీచినట్లే యగును.

కావున మొదటి మరమ్మతు యంత్రమునకు గాదు, కప్పునకు. మాఘఫాల్గుణములలో మిద్దెను ఊడ్చి, కడిగి, బీటలు పూడ్చి, సున్నములో జిగురు కలిపి రెండుపూతలు వేయించినచో తెల్లని తలము ఎండను చాలవఱకు వెనుకకు త్రిప్పును. లోపలి వేడి రెండు మొదలు అయిదు డిగ్రీలవఱకు తగ్గవచ్చును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లనికప్పుల విధానమును ప్రకటించి, ఆరువందల చదరపు గజములును అంతకు మించియు నున్న స్థలములలో కట్టు క్రొత్తయిండ్లకు దీనిని విధిగా చేసినది. చిన్నయిండ్లవారికి నిర్బంధము లేదు. కాని చల్లదనము ఎక్కువగా కావలసినది వారికే. ఈ పూతలో మఱియొక గుణము కలదు. యంత్రము ఒక్క గదినే చల్లబఱచును. సున్నము వంటయింటి మీదను సమానముగా పనిచేయును.

రెండవది వంటగది. వాస్తువు పేర దానిని ఆగ్నేయమునకు నెట్టి, స్థలము చాలదని కిటికీ తగ్గించి, ఆ యిఱుకులో ఇద్దఱు స్త్రీలను నిలిపి, ముందుగదిలో కూరుచుండి ఎండనుగూర్చి ముచ్చటించు గృహస్థులు మనలో అరుదుగారు. పొయ్యిముందు కూలరు పెట్టిన మంట నిలువదు, నిజమే. కాని గోడ పైభాగమున తొలిచి, ఆవిరిని పొగను బయటికి లాగు చిన్న ఫ్యానును అమర్చుటకు ఏమి యడ్డము? దానికెదురుగా గాలి వచ్చు కిటికీ యొకటి యుండవలెను. కూలరు వెలలో కొద్దిపాటి సొమ్ముతో ఈ పని తీఱును. ఆ కొద్దిపాటి సొమ్మునకే మనయిండ్లలో ఏటేట వాయిదా పడుచున్నది.

ఇక కూలరు. కుండలోని నీరు ఏ ధర్మముచేత చల్లబడునో, పూర్వము వట్టివేళ్ల తడికలు ఏ ధర్మముచేత గాలిని చల్లబఱచెనో, కూలరుదియు అదే ధర్మము. నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును. కావున తలుపులన్నియు బిగించినచో గది ఉక్కపోయును. ఎదుటి కిటికీ తెఱచియుంచవలెను. వానలు పడి గాలి తేమగిల్లిన పిదప దానివలన ఫలము స్వల్పము. మన బోరునీటిలోని లవణములు గడ్డిపై తెల్లని పెచ్చుగా పేరును. ఏటికొకసారి గడ్డి మార్చవలెను, పంపును కడుగవలెను. వారమునకొకసారి తొట్టిని పూర్తిగా ఖాళీచేసి ఆరబెట్టనిచో అందు డెంగీజ్వరపు దోమ పెరుగును.

ఇవన్నియు చేయవలసినది ఎవరు? మహబూబాబాదులో నా విద్యార్థి యొకని తల్లి కూలరులో బిందెతో నీరు పోయుచు కరెంటు తగిలి చనిపోయినది. ఇనుపపెట్టె, మూడుకాళ్ల ప్లగ్గునకు బదులు రెండుతీగలను నేరుగా దూర్చిరి, ఎర్తు లేదు, ఫ్యాను తిరుగుచునే యున్నది. పరామర్శకు పోయినపుడు ఆమె అత్త నాతో అన్న మాట యిది: "ఆ గాలి దానికెన్నడు తగిలింది సారూ? అది వంటింట్లనే ఉంటుండె. నీళ్లు పోసుడే దాని వంతు." ఇంతకంటె సూటిగా ఈ విషయమును నేను చెప్పలేను.

ఎర్తు తీగ సరిగా నున్నదో లేదో తెలిసిన ఎలక్ట్రీషియనుచేత చూపించుట, మూడుకాళ్ల ప్లగ్గు పెట్టించుట, నీరు పోయుటకు ముందు మీట ఆర్పి ప్లగ్గు తీయుట – ఇవి మూడును తప్పనివి. కరెంటు దారితప్పినంతనే సరఫరాను త్రుంచు ఆర్.సి.సి.బి. యను సాధనమును మీటరుపెట్టెదగ్గర అమర్చుకొనుట ఇంకను మేలు. ఇంటివారు ఇనుపపెట్టె వెల విచారించినంత శ్రద్ధగా దీని వెల విచారింపరు.

భూపాలపల్లిలో ఏసీలు పెరుగుచున్నవి. సింగరేణి గనుల ఊరది. చేరువనే చెల్పూరులో బొగ్గును కాల్చి విద్యుత్తు పుట్టించు 1100 మెగావాట్ల కాకతీయ కేంద్రమున్నది. గది చల్లబడుటకు వెనుక ఎంత మంట కావలెనో ఆ యూరివారికి ఎవరును బోధింపనక్కఱలేదు. 1902లో అమెరికాలో విల్లిస్ కారియరు ఈ యంత్రమును కల్పించినది మనుష్యుల సుఖమునకు గాదు. బ్రూక్లినులోని ఒక అచ్చుకూటమున కాగితములు తేమచే చెడకుండుటకు. కాగితమునకు నాడు కలిగిన భాగ్యము మన వంటయింటికి నేటికిని కలుగలేదు.

ఏసీ కొన్నవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. అందలి గ్యాసు దీపములోని నూనెవలె ఖర్చగునది గాదు. మూసిన గొట్టములలో తిరుగుచుండును. అది తగ్గినదన్న ఎక్కడనో కారుచున్నదని యర్థము. మాయింటికి వచ్చిన మెకానిక్కు ఒకడు వరుసగా రెండేండ్లు గ్యాసు నింపి డబ్బు తీసికొనిపోయెను, కారుచోటు వెదకలేదు. మూడవయేట వచ్చిన వేఱొకడు గొట్టపు కీలునొద్ద చిల్లు కనిపెట్టి అతికెను. పదునైదు దినములకొకసారి ఫిల్టరు కడుగుట మనమే చేసికొనవచ్చును. 24 డిగ్రీలకు తగ్గింపకుండుటయు మనచేతిలోనిదే.

అన్నిటికిని డబ్బు చాలని యిండ్లే మనలో ఎక్కువ. అట్టివారు వరుస నిర్ణయించుకొనవలెను: ముందు సున్నము, పిదప వంటయింటి గాలి, తరువాత ఎర్తు, చివరకు యంత్రము. ఈ వరుసను నిర్ణయించునపుడు ఇల్లాలిని అడుగవలెను. ఏలయన ఏ గదిలో ఎంత వేడియో ఆమెకు తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. కూలరు తొట్టి నింపు పని, మీట ఆర్పి నేర్పినచో, పెరిగిన మగపిల్లలును చేయగలరు. చదువుకొన్న యిండ్లలో ఈ వేసవినుండియే యిది మొదలు కావలెను.