అద్దం లేని కెమెరా - మా నాయిన

సావనీరుకు ఏదైనా రాయమని మా యూనియన్ సెక్రటరీ మూడుసార్లు అడిగాడు. కథలు నాకు చేతకావు, కవిత్వమంటే భయం. "పోనీ మీ ఇంట్లో జరిగిందేదైనా రాయరాదూ" అన్నాడు. మా ఇంట్లో జరిగిందంటే, నా మాట నమ్మి మా నాయిన నష్టపోయిన ముచ్చట ఒకటుంది. చదివి నవ్వుకుంటారో, నన్ను తిట్టుకుంటారో మీ ఇష్టం.

మా నాయినది సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర చిన్న ఫోటో స్టూడియో. పటాన్‌చెరు, పాశమైలారం, రామచంద్రాపురం వైపు ఫ్యాక్టరీల్లో పని దొరికిన ప్రతివాడికీ గేటు పాసుకు ఫోటో కావాలి. బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు మొదటి జీతం అందగానే మా స్టూడియోకు వచ్చి, గోడకు వేలాడే ఒకే ఒక్క కోటు తొడుక్కుని, ఇంటికి పంపడానికి ఫోటో దిగేవారు. సైజు ఎవరికీ సరిపోయేది కాదు. మా నాయిన వెనుక నుంచి పిన్నీసులు పెట్టి సరిచేసేవాడు. ఆ కోటు ఇంకా ఉంది. కుర్రాళ్లే రావడం లేదు. ఫోటో ఫోనులోనే దిగుతున్నారు. ఇక మాకు మిగిలింది పెళ్లిళ్లు.

పెళ్లివారు కూడా మారారు. "మీ దగ్గర మిర్రర్‌లెస్ ఉందా?" అన్నదే మొదటి ప్రశ్న. అదేమిటో అడిగేవారికీ తెలియదు. లేదంటే మాత్రం లేచిపోతారు. ఇట్లా రెండు బేరాలు పోయాక ఇంట్లో పంచాయితీ పెట్టాను. నేను డిగ్రీలో ఫిజిక్సు వాణ్ణి కదా, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

మామూలు ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సు వెనుక ఒక అద్దం ఏటవాలుగా నిలబడి ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగును అది పైకి మళ్లిస్తే, పైనున్న ప్రిజం దాన్ని మన కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం టప్పున లేచి దారి ఇస్తుంది. ఆ అద్దం లేవడానికి చోటు కావాలి గనుక లెన్సును ఫిల్ముకు దూరంగా పెట్టక తప్పలేదు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమెరాలో లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ముకు 46.5 మిల్లీమీటర్లు. తరువాత ఫిల్ము పోయి సెన్సారు వచ్చినా అద్దం పోలేదు కాబట్టి దూరమూ మారలేదు. 2018లో అదే కంపెనీ అద్దం తీసేసి జెడ్ కెమెరాలు తెచ్చినప్పుడు ఆ దూరం 16 మిల్లీమీటర్లకు దిగింది. కానన్ వారి లెక్కా ఇంతే. 44 నుంచి 20కి.

"మరి నా పాత లెన్సులేం గావాలె?" అన్నాడు నాయిన. అసలు ప్రశ్న అదే. కెమెరా బాడీలు వస్తాయి, పోతాయి. ఆయన ఆస్తి అంతా ఆ నాలుగు లెన్సులే.

దానికీ నా దగ్గర జవాబుంది. లెన్సుకు తన వెనుక ఎంత దూరం కావాలో అది తయారైనప్పుడే ఖాయమవుతుంది. పాత లెన్సుకు 46.5 కావాలి, కొత్త కెమెరాలో 16 ఉంది. తక్కువైన 30.5 మిల్లీమీటర్లకు మధ్యలో ఒక గొట్టం తగిలిస్తే సరి. అందులో గాజు కూడా ఉండదు, ఉత్త ఖాళీ. దాన్నే ఎడాప్టరు అంటారు. కొత్త లెన్సును పాత కెమెరాకు తగిలించడం మాత్రం ఇంత తేలిక కాదు. పొట్టివాణ్ణి పీట మీద నిలబెట్టవచ్చు గాని, పొడుగువాణ్ణి భూమిలోకి దించలేం కదా!

1987లో కానన్ ఎఫ్.డి. లెన్సులు వదిలి ఇ.ఎఫ్. పద్ధతికి మారినప్పుడు ఈ చిక్కే వచ్చింది. ఎఫ్.డి. లెన్సుకు కావలసిన దూరం 42. కొత్త కెమెరాలో ఉన్నది 44. ఉత్త గొట్టంతో ఆ రెండు మిల్లీమీటర్లు తగ్గించే దారి లేక ఎందరి లెన్సులో బీరువాల పాలయ్యాయి. చిత్రమేమంటే అద్దం పోయాక దూరం తగ్గింది గనుక, అవే లెన్సులు ఇవాళ మళ్లీ పనికొస్తున్నాయి.

ఇదంతా విని నాయిన, "చదువుకున్నోడివి, చెప్తున్నవు గద" అన్నాడు. అప్పు తెచ్చి కెమెరా బాడీ, ఎడాప్టరు కొన్నాం. కొత్త లెన్సుకు పైసలు మిగల్లేదు. మిగలనక్కర కూడా లేదని చెప్పింది నేనే.

మొదటి పెళ్లి సదాశివపేటలో. జీలకర్ర బెల్లం వేళయింది. మోటారున్న జూమ్ లెన్సు పాత కెమెరాకు తగిలించుకొని మా చిన్నాయిన భోజనాల వైపు పోయాడు. నాయిన తనకు ప్రాణమైన 50 మిల్లీమీటర్ల పాత లెన్సును ఎడాప్టరుకు బిగించి మీట సగం నొక్కాడు. లెన్సు కదలలేదు. మళ్లీ నొక్కాడు. ఆపి, వెలిగించాడు. ఊడదీసి మళ్లీ బిగించాడు. అయ్యగారు మంత్రం ఆపరు కదా! తెర తీశారు. నాయిన చేత్తో రింగు తిప్పుతూ ఆరు ఫోటోలు తీశాడు. ఆయన కుడి కంటికి శుక్లం మొదలై అప్పటికి రెండేళ్లు. ఆరూ మసకే.

సంగతేమంటే, ఆ కాలపు ఆటోఫోకస్ లెన్సుల్లో మోటారు ఉండదు. మోటారు కెమెరా బాడీలో ఉండి, స్క్రూడ్రైవరు మొన లాంటి చిన్న పుల్లతో లెన్సును తిప్పుతుంది. నాయిన పాత కెమెరాలో అది ఉంది. కొత్త కెమెరాలో గాని, మేం కొన్న ఎడాప్టరులో గాని లేదు. పెట్టెలో వచ్చిన కాగితంలో ఈ సంగతి రాసే ఉంది. తప్పు ఎవరిదీ కాదు, ఆ కాగితం చదవని ఫిజిక్సు విద్యార్థిది. నేను దూరం కొలిచాను గాని, లెన్సును తిప్పేది ఎవరని అడగలేదు.

నాయిన నన్నేమీ అనలేదు. పెళ్లివారిని మిగతా పైసలు అడగలేదు. ఆయన తిడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

వారం రోజులు ఆ కెమెరాను ఎవరూ ముట్టుకోలేదు. "అద్దంల కనవడేది పెండ్లికూతురు. దీంట్ల కనవడేది పెండ్లికూతురి టీవీ" అన్నాడొకసారి. నిజమే, ఇందులో కంటి దగ్గర ఉన్నది చిన్న తెర. అయితే ఆ తెర వల్లే దారి దొరికింది. ఈసారి కాగితాలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. చేత్తో ఫోకస్ చేసేటప్పుడు, ఎక్కడ స్పష్టంగా ఉందో అక్కడ అంచులు ఎర్రగా మెరిసేట్టు పెట్టుకోవచ్చు. కావలసిన చోటును పెద్దది చేసి కూడా చూడవచ్చు. చెయ్యి వణికితే సర్దే ఏర్పాటు బాడీలోనే ఉంది గనుక పాత లెన్సుకూ అది పనిచేస్తుంది.

ఆదివారం ఇద్దరం కల్పగూరు దాకా పోయాం. మంజీర ఒడ్డున దూరంగా మొసలి ఒకటి ఎండలో పడుకొని ఉంది. నాయిన కన్ను తెరకు ఆనించి, బొటనవేలూ చూపుడువేలుతో రింగును మెల్లగా, ఫిల్ము రోజుల్లో తిప్పినట్టే తిప్పాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పొలుసులు అవుపడుతున్నయిరా" అన్నాడు. రెండేళ్లుగా ఆయన ఫోకస్‌ను తన కంటితో చూడలేకపోతున్నాడని, ఆ పని మోటారుకు వదిలి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాడని అప్పుడు తెలిసింది నాకు.

తిరుగు దారిలో చెప్పాను: "నాయినా, మొట్టమొదట అద్దమే లేకుండె. ఆరో నిజాం కొలువుల రాజా దీన్‌దయాళ్ పెద్ద పెట్టె కెమెరాతోని, నల్లబట్ట కప్పుకొని, వెనకున్న గాజు పలక మీద తలకిందులు బొమ్మను సూసే ఫోకస్ జేసిండు." నాయిన నవ్వి, "ఆయనకు ఈ.ఎం.ఐ. లేకుండె" అన్నాడు.

మాకు ఇంకా పద్నాలుగు వాయిదాలున్నాయి. మసకబారిన ఆ ఆరు ఫోటోల్లో ఒకటి పెళ్లివారి ఆల్బములోనే ఉంది. అది వారి ఇంట ఎప్పటికీ అట్లాగే ఉంటుంది. దానికి ఏ ఎడాప్టరూ లేదు. ఇప్పుడు పెళ్లికి పోయే ముందు నాయిన సంచీ నా ముందు పెట్టి, "ఏది తిరుగుతదో ఏది తిరుగదో సూడు" అంటాడు. మోటారు లేని రెండు లెన్సులకు ఎర్ర టేపు అంటించాను. ఆ రెండూ ఆయన చేతికి. మోటారున్నవి చిన్నాయినకు.