పత్తికట్టెలో దాగిన చక్కెర

జమ్మలమడుగు నల్లరేగడి చేలలో పత్తి ఏరిన పిదప కట్టె మిగులుతుంది. కొంత పొయ్యిలోనికి పోతుంది, తక్కినది చేలోనే కాలిపోతుంది. ఆ కట్టెలో మూడింట ఒక వంతుకు పైగా సెల్యులోజు ఉన్నదనీ, సెల్యులోజు అనగా గ్లూకోజు గొలుసేననీ రసాయనశాస్త్ర తరగతిలో విన్ననాటి నుండి ఆ మంట నాకు చక్కెర బస్తాలు తగులబెట్టినట్లే తోస్తున్నది.

ఆ గొలుసును త్రెంచే ఎంజైములు లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారాలు, దుస్తులు కుళ్ళిపోగా, అందుకు కారణమైన బూజును శాస్త్రజ్ఞులు వేరుచేశారు. దానికే తరువాత ట్రైకోడెర్మా రీసీ అని పేరు వచ్చింది. నేటి పారిశ్రామిక సెల్యులేజులలో అధికభాగం ఆ బూజు సంతతి నుండే లభిస్తున్నది. ప్రొద్దుటూరు బట్టల వర్తకులకు శత్రువు అనదగినది ఇంధనానికి మిత్రమగుట విచిత్రం కాదా!

అయితే నూలును తిన్నంత సులభంగా అది కట్టెను తినలేదు. నూలు దాదాపు శుద్ధ సెల్యులోజు. కట్టెలో దాని చుట్టూ హెమిసెల్యులోజు, లిగ్నిన్ అల్లుకొని ఉంటాయి. లిగ్నిన్ దారిని అడ్డగించుటయే గాక, వెలగల ఎంజైమును తనకే అంటించుకొని వృథా చేస్తుంది. కనుక ముందుగా కట్టెను పలుచని ఆమ్లంతోనో, క్షారంతోనో, అధిక పీడనపు ఆవిరితోనో మెత్తబరచాలి. ఆమ్లంతో వేడి మితిమీరితే చక్కెరలో కొంత ఫర్ఫురాల్ వంటి పదార్థాలుగా మారి ఈస్టును దెబ్బతీస్తుంది.

ఈ విద్యకు దగ్గరి చుట్టం మన పల్లెలలోనే ఉన్నది. మా దాదాగారు 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచేవారు. యూరియా నుండి వెలువడే అమ్మోనియా గడ్డిలోని బంధాలను సడలిస్తుంది. అటుపై ఎద్దు కడుపులోని సూక్ష్మజీవులకు పని తేలిక. ఆచార్య బ్రూస్ డేల్ అమెరికాలో రూపొందించిన అమ్మోనియా విధానానికి మూలసూత్రం ఇంచుమించు ఇదే.

హర్యానాలోని పానిపట్టులో 2022 ఆగస్టు 10న ఇండియన్ ఆయిల్ వారి కర్మాగారం జాతికి అంకితమైంది. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుండి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ దాని లక్ష్యం. అక్కడ గడ్డి ఎక్కువై తగులబెడుతున్నారు. ఇక్కడ కరువు ఏట గడ్డిమోపు కోసం రైతు పడే పాట్లు ఎరిగినవారెవ్వరూ దానిని కర్మాగారానికి పంపుమని అనలేరు. పులివెందుల అరటిబోదెలో నూటికి తొంభై పాళ్ళు నీరే, నీటిని లారీలలో మోయుట దండుగ. ఇక మిగిలినది పత్తికట్టె. గులాబిరంగు పురుగు నిలువకుండా దానిని ఎటూ పెరికివేయవలసినదే. ఎంజైము ఖర్చు తగ్గితేనే కర్మాగారం దానికి వెల కట్టగలదు. ఆ వెల పెరికి, మోపుకట్టి తెచ్చే కూలికి మించకపోతే రైతు మళ్ళీ అగ్గిపుల్లనే వెదుకుతాడు.